నోటి పుండు దవడ ఎముకకు దిగినప్పుడు: ఒక వెయిల్డ్ ఊసరవెల్లి కేసు

వెయిల్డ్ అనే విదేశీ జాతికి చెందిన మగ ఊసరవెల్లి, వయసు సుమారు రెండున్నరేళ్లు, బరువు 140 గ్రాములు. టెక్సస్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం పెంచుకుంటున్నది. బ్రీడర్ దగ్గర పుట్టినదే, అడవి నుంచి పట్టుకొచ్చింది కాదు. మూడు వారాలుగా మేత తగ్గింది. నాలుక విసురుతోంది కానీ చాలాసార్లు గురి తప్పుతోంది. దొరికిన పురుగును కుడివైపే నములుతోంది. ఎడమ కింది దవడ బయటికి కొద్దిగా ఉబ్బింది. పెదవి అంచున పసుపు ముక్క కనిపిస్తే మేత ఇరుక్కుందనుకుని ఇంట్లోవాళ్లు ట్వీజర్‌తో లాగారు. రక్తం వచ్చింది. ఆ తర్వాత రెండు రోజులు హైడ్రోజన్ పెరాక్సైడ్ పూశారు. వేరే చోట చూపిస్తే పది రోజుల పాటు నోటి ద్వారా ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. నోరు మాత్రం శుభ్రం చేయలేదు. వాపు వారం పాటు తగ్గి మళ్లీ వచ్చింది. మా దగ్గరికి వచ్చేసరికి ఆ మందు ఆపి 12 రోజులైంది.

"మందు పనిచేసింది, ఆపగానే తిరగబెట్టింది" అన్న ఈ తీరు ఊసరవెల్లి నోటి కేసుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కారణం చీములోనే ఉంది. కుక్కకో మనిషికో చీము పడితే అది ద్రవంగా ఉంటుంది, గాటు పెడితే కారిపోతుంది. సరీసృపాల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల స్థానంలో హెటరోఫిల్స్ అనే కణాలుంటాయి. చీమును కరిగించే ఎంజైములు వాటిలో తక్కువ. అందుకే చీము గట్టిపడి జున్ను ముక్కలా పేరుకుంటుంది, దాని చుట్టూ పొర కడుతుంది. లోపలికి రక్తనాళాలు వెళ్లవు. రక్తం వెళ్లని చోటికి యాంటీబయాటిక్ కూడా వెళ్లదు. చుట్టూ ఉన్న కణజాలంలో మంట తగ్గి వాపు దిగుతుంది, మధ్యలో బ్యాక్టీరియా అలాగే కూర్చుంటుంది. ఆ ముద్దను చేత్తో తీయకుండా మందు మీద మందు మార్చడం వల్ల ఒరిగేది రెసిస్టెన్స్, అంటే బ్యాక్టీరియా మందుకు లొంగకపోవడం ఒక్కటే.

ఊసరవెల్లి పళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఊసరవెల్లులకూ బియర్డెడ్ డ్రాగన్లనే బల్లులకూ పళ్లు గుంటలో కూర్చోవు, దవడ ఎముక అంచు మీదే అతుక్కుని ఉంటాయి. వీటిని ఆక్రోడాంట్ పళ్లంటారు. ఊడితే మళ్లీ రావు. పంటికీ ఎముకకూ మధ్య అడ్డుగా ఏమీ లేదు కాబట్టి చిగురు కాస్త కిందికి జారితే చాలు, ఎముక నోట్లోకి బయటపడుతుంది. ఊసరవెల్లిలో చిగురు ఇన్ఫెక్షన్ త్వరగా ఎముకను అందుకోవడం ఇందువల్లే. పసుపు ముక్క కనిపించిన ప్రతి ఊసరవెల్లిలోనూ "ఎముక దాకా వెళ్లిందా?" అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

నోరు తెరవడం, చూడటం

ముట్టుకోకముందే చాలా తెలుస్తుంది. బెదిరిన ఊసరవెల్లి తనంతట తానే నోరు తెరుస్తుంది. ఆ రెండు మూడు సెకన్లలో టార్చ్ వేసి ఫోటో తీసుకుంటే సగం పరీక్ష అయిపోయినట్టే. అలా తెరవకపోతే గడ్డం కింద వదులుగా ఉండే చర్మాన్ని వేళ్లతో మెల్లగా కిందికి లాగాలి. దవడ సడలగానే పలుచని మెత్తటి ప్లాస్టిక్ పట్టీ అడ్డు పెట్టాలి. స్టీలు చెంచా, స్పాచులా వాడకూడదు. పళ్లు విరుగుతాయి. కాల్షియం లోపంతో ఎముక మెత్తబడిన జంతువైతే దవడే విరిగిపోవచ్చు. నాలుకను పట్టుకుని లాగడం ఎప్పుడూ వద్దు.

ఈ జంతువులో ఎడమ కింది దవడ మధ్య భాగంలో సుమారు 6 మి.మీ. పొడవున పసుపు తెల్ల గట్టి పొర కనిపించింది. దాని చుట్టూ చిగురు ఎర్రబడి కిందికి జారింది, గోధుమ రంగు ఎముక అంచు బయటపడింది. లాలాజలం చిక్కబడి తీగలుగా సాగుతోంది. నోటి పైభాగంలో అక్కడక్కడా సూది మొనంత రక్తపు చుక్కలు. కుడివైపు పళ్ల మీద గార పట్టింది, చిగురు కాస్త ఎర్రగా ఉంది కానీ ఎముక కప్పుకునే ఉంది. రెండు దవడలూ వేళ్ల మధ్య గట్టిగానే తగిలాయి, వంగలేదు. కళ్లు కొద్దిగా లోపలికి పోయాయి. విసర్జనలో తెల్లగా ఉండాల్సిన యూరేట్ నారింజ రంగులో ఉంది, అంటే ఒంట్లో నీరు తగ్గింది.

పసుపు కనిపించిందల్లా చీము కాదు. ఊసరవెల్లికి నోటి మూలలో టెంపోరల్ గ్రంథి అని ఒకటుంటుంది. అది మైనం లాంటి పసుపు లేదా గోధుమ రంగు పదార్థాన్ని స్రవిస్తుంది. కొన్ని మగవాటిలో అది పెదవుల మూలలో గడ్డకట్టి కనిపించడం మామూలే. సరిగ్గా రెండు దవడలూ కలిసే మూలలో ఉండి, రెండువైపులా దాదాపు ఒకేలా ఉండి, కింద చర్మం ఎర్రబడకుండా, జంతువు మామూలుగా తింటుంటే దాన్ని వదిలేయాలి. గీకితే అక్కడే నిజమైన ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. అయితే ఆ గ్రంథి మూసుకుపోయి గడ్డ కట్టడమూ ఉంది. అప్పుడు ఒకవైపు మాత్రమే కణత కింద గట్టి బొడిపె వస్తుంది, దుర్వాసన ఉంటుంది. ఈ కేసులో గాయం మూలలో కాక దవడ మధ్యలో ఉంది, ఒకవైపే ఉంది, చిగురు జారింది. కాబట్టి గ్రంథి స్రావం కాదని చూడగానే తేలింది.

ఇంకా మనసులో పెట్టుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పురుగు కాలో పుల్ల ముక్కో గుచ్చుకోవడం, దవడ విరగడం, విటమిన్ ఎ లోపంతో నోటి పొర మందమవడం, కణితి, ఫంగస్. వెయిల్డ్ ఊసరవెల్లుల్లో మెటరైజియం గ్రాన్యులోమాటిస్ అనే ఫంగస్ నాలుకను, గొంతును పట్టి, తర్వాత కాలేయం లాంటి అవయవాల్లోకి పాకుతుందని తెలుసు. నాలుక మీదో గొంతు గోడలోనో పుండు ఉండి యాంటీబయాటిక్‌కు కదలకపోతే మొదట అనుమానించాల్సింది దాన్నే. అది ఒంట్లోకి పాకాక చికిత్స కష్టం.

గూడు

ఇంట్లో తీసిన ఫోటోలు, వీడియోలు, మీటరు కొలతలు తెప్పించుకుని చూశాం. 60×60×120 సెం.మీ. మెష్ గూడు, పరిమాణంలో లోపం లేదు. లోపమంతా లోపలి వాతావరణంలో ఉంది. అతికించిన డయల్ థర్మామీటర్ 31 డిగ్రీలు చూపిస్తోంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఎండ కాచుకునే కొమ్మను కొలిస్తే 27. పెద్ద మగ వెయిల్డ్‌కు ఆ కొమ్మ 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. యూవీబీ (అతినీలలోహిత కిరణాలు) కోసం చిన్న చుట్ట బల్బు పెట్టారు, దానికి 14 నెలలు నిండాయి. కొమ్మ దగ్గర యూవీ ఇండెక్స్ 0.6 వచ్చింది, కావలసింది 3 దగ్గర. ఫాగర్ (పొగమంచులా నీటి తుంపర వదిలే యంత్రం) పగలంతా నడుస్తోంది, రాత్రి ఆపేస్తున్నారు. పగలు 80 శాతం తేమ, రాత్రి 50. ఇది తలకిందుల లెక్క. వెయిల్డ్‌కు పగలు 40 నుంచి 50 శాతం, చల్లబడ్డ రాత్రి 75 పైన ఉండాలి. పగలు వేడిలో తడి గాలి నిలిచిపోతే సూడోమోనాస్ లాంటి నీటి బ్యాక్టీరియాకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఫాగర్ ట్యాంకు లోపలి గోడ జిగటగా ఉంది.

మేత ఎక్కువగా సూపర్‌వార్మ్‌లనే లార్వాలు, మిగిలినవి క్రికెట్లు (కీచురాళ్లు). రాత్రి మిగిలిపోయిన క్రికెట్లను గూట్లోనే వదిలేస్తున్నారు. అవి నిద్రపోతున్న ఊసరవెల్లి పెదవులనూ కొరుకుతాయి. సూపర్‌వార్మ్ గట్టి కోరలు, పెంకు చిగురును గీకుతాయి. స్టీలు పటకారుతో తినిపించే అలవాటు కూడా ఉంది. నాలుకతో పాటు పటకారు కొస నోట్లోకి వెళ్లినప్పుడల్లా దవడ అంచుకు దెబ్బ. ఎదుటి గోడకు అద్దం ఉంది. తన ప్రతిబింబాన్ని మరో మగదనుకుని అది మెష్ మీదికి ఎగబడి మూతి రాసుకుంటోంది. గాయానికి కారణం ఇందులో ఏదైనా కావచ్చు. ఆ చిన్న గాయాన్ని మానకుండా చేసింది మాత్రం చల్లటి కొమ్మ. సరీసృపానికి ఒంటి వేడే రోగనిరోధక శక్తికి ఆధారం. మూడు నాలుగు డిగ్రీలు తగ్గితే తెల్ల కణాల కదలిక మందగిస్తుంది, మేత అరగదు, మందు ఒంట్లోంచి బయటికి పోయే వేగం కూడా మారిపోతుంది. మందుల మోతాదులన్నీ ఏదో ఒక వేడి దగ్గర కొలిచినవే.

తెలుగు రాష్ట్రాల్లోని పాఠకులకు ఒక మాట. మన పొలాల్లో, పొదల్లో కనిపించే ఊసరవెల్లికి, అంటే కమీలియో జైలానికస్‌కు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఇంట్లో పెంచకూడదు. నోటికి దెబ్బతో దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో ఒక కొమ్మ పెట్టి అటవీ శాఖకు అప్పగించాలి. నోట్లో నీళ్లు పోయవద్దు, పుండు గీకవద్దు. వెయిల్డ్, పాంథర్ లాంటి విదేశీ జాతులు సైటిస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి. భారత్‌లో వాటిని పెంచేవాళ్లు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి.

మొదటి 48 గంటలు

మొదటి రోజే కత్తి పట్టలేదు. ఎండిపోయి చల్లబడి ఉన్న ఊసరవెల్లికి మత్తు ఇవ్వడం ప్రమాదం. యాంటీబయాటిక్ కూడా వెంటనే మొదలుపెట్టలేదు. జంతువు నిలకడగా ఉంది, రెండు రోజుల్లో లోతు నుంచి నమూనా తీయబోతున్నాం, కల్చర్‌ను, అంటే నమూనాలోని సూక్ష్మజీవులను పెంచి గుర్తించే పరీక్షను పాడుచేసుకోవడం ఎందుకు అన్నది లెక్క. ఒళ్లంతా ఎర్రబడటమో, కీళ్ల వాపో, కదలలేనితనమో ఉంటే లెక్క వేరు. అప్పుడు దొరికిన నమూనా తీసుకుని ఆ నిమిషమే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి.

ఈ రెండు రోజులూ 30 డిగ్రీల వెచ్చటి చోట ఉంచి, రోజుకు కిలోకు 20 మి.లీ. చొప్పున 2.8 మి.లీ. ద్రవం గోరువెచ్చగా చర్మం కింద రెండు చోట్ల ఇచ్చాం. రక్తం తోక కింది సిర నుంచి 0.4 మి.లీ. తీశాం. జబ్బుపడిన జంతువులో ఒంటి బరువులో అర శాతం దాటకూడదు, అంటే దీనికి 0.7 మి.లీ. పై హద్దు. లిథియం హెపారిన్ గొట్టమే వాడాలి. హెటరోఫిల్స్, మోనోసైట్స్ అనే తెల్ల కణాలు పెరిగాయి, హెటరోఫిల్స్‌లో విషప్రభావపు మార్పులు కనిపించాయి. యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉంది. కిడ్నీలు ఫరవాలేదన్న ఆ భరోసా తర్వాత మందు ఎంచుకోవడానికి పనికొచ్చింది.

దంత ఎక్స్‌రే సెన్సార్‌తో తల పక్కనుంచి, పైనుంచి, ఏటవాలుగా తీశాం. ఎడమ దవడ ఎముక 7 మి.మీ. మేర చెదలు తిన్నట్టు పలచబడింది. విరగలేదు. సాధారణ బాడీ ఎక్స్‌రేలో ఈ మార్పు కనపడకుండా పోవచ్చు. ఈ పరిమాణం తలకు దంత సెన్సార్ లేకుండా "ఎముక బాగుంది" అనడం సరికాదు.

శుభ్రం చేసిన తీరు

రెండో రోజు మత్తు. అల్ఫాక్సలోన్ కిలోకు 10 మి.గ్రా. చొప్పున, అంటే 1.4 మి.గ్రా. (10 మి.గ్రా./మి.లీ. ద్రావణంలో 0.14 మి.లీ.) ముందు కాలి కండలో, నొప్పికి హైడ్రోమార్ఫోన్ కిలోకు 0.5 మి.గ్రా. చర్మం కింద. బల్లి జాతుల్లో బ్యూటోర్ఫనాల్ నొప్పిని పెద్దగా తగ్గించదు, దాని మీద ఆధారపడి ఎముక గీకకూడదు. శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లో ఉంటుంది. 16 గేజ్ ఐవీ క్యాన్యులా పైగొట్టాన్నే ట్యూబుగా దించి, ఐసోఫ్లురేన్ మత్తు వాయువుతో నిమిషానికి మూడు నాలుగు శ్వాసలు చేత్తో ఇచ్చాం. ఒక జాగ్రత్త. ఊసరవెల్లికి శ్వాసనాళం ముందు భాగంలో గులార్ పౌచ్ అనే సంచి ఉంటుంది. నోట్లోంచి కారిన చీము, కడిగిన నీరు అందులో చేరితే కొత్త ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. ట్యూబు దించాకే నీళ్లు వాడాలి. గొంతులో దారం కట్టిన గాజుగుడ్డ పెట్టాలి, తల కొద్దిగా కిందికి వంచాలి. చివర్లో ఆ గుడ్డను మరవకుండా తీయడానికే దారం.

ఆ చోటును మొద్దుబార్చే లిడోకైన్‌కు కిలోకు 2 మి.గ్రా. హద్దు. 2 శాతం మందును నాలుగింతలు పలచన చేసి 0.05 మి.లీ. గాయం వెంబడి ఎక్కించాం. పలచన చేయకుండా ఇంత చిన్న జంతువుకు సిరంజిలో కొలవబోతే మోతాదు రెట్టింపు కావడం ఖాయం.

పొర అంచును చిన్న దంత క్యూరెట్‌తో (గీకే పనిముట్టుతో) లేపగానే ఒకే ముద్దగా ఊడింది. కింద 3 మి.మీ. లోతు గుంట. గుంట గోడ నుంచీ, పక్కనే ఉన్న మెత్తబడ్డ ఎముక నుంచీ నమూనాలు తీశాం. ఒకటి ఏరోబిక్ (గాలిలో పెరిగే బ్యాక్టీరియా) కల్చర్‌కు, ఒకటి గాలి తగలని రవాణా మాధ్యమంలో అనరోబిక్ కల్చర్‌కు, ఒకటి ఫంగస్ కల్చర్‌కు, ఒకటి ఫార్మలిన్‌లో హిస్టోపాథాలజీకి (కణజాలాన్ని మైక్రోస్కోప్‌తో చూసే పరీక్షకు). పైపొరను దూదితో తుడిచి పంపితే వచ్చేది నోట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా జాబితా మాత్రమే. దాన్ని బట్టి మందు ఎంచుకుంటే గురి తప్పుతుంది.

గోధుమ రంగులో రక్తం రాని ఎముక చనిపోయిన ఎముక. దాన్ని రక్తం చిమ్మే ఎముక తగిలే దాకా గీకాలి. ఇక్కడ మూడు పళ్లున్న అంచు దానితో పాటే వచ్చింది. మిగతా పళ్లు నల్లబడినా వాటి కింద ఎముక గట్టిగా ఉంది కాబట్టి ముట్టుకోలేదు. పన్ను పీకడమంటే ఊసరవెల్లిలో దవడ విరవడమే. కుడివైపు గారను చేతి స్కేలర్‌తో తీశాం. క్లోర్‌హెక్సిడిన్ 0.05 శాతంతో కడిగి, గుంటను కుట్టకుండా తెరిచే వదిలాం. మూసేస్తే లోపల మళ్లీ జున్ను కడుతుంది. తెలివి వచ్చేటప్పుడు స్వచ్ఛమైన ఆక్సిజన్ కాకుండా గది గాలితోనే శ్వాస ఇచ్చాం. ఆక్సిజన్ ఎక్కువైతే సరీసృపాలు తమంతట తాము శ్వాస తీసుకోవడం ఆలస్యం చేస్తాయి.

మందులు, వాటి లెక్క

నమూనాలు తీసిన వెంటనే సెఫ్టజిడిమ్ అనే యాంటీబయాటిక్ మొదలు. కిలోకు 20 మి.గ్రా., 72 గంటలకు ఒకసారి. ఈ లెక్క పాముల్లో 30 డిగ్రీల దగ్గర కొలిచిన ఫలితాల నుంచి వచ్చింది, బల్లి జాతులకూ దాన్నే వాడుతున్నారు. 140 గ్రాములకు 2.8 మి.గ్రా. ఒక గ్రాము వయల్‌లో 10 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే సుమారు 100 మి.గ్రా./మి.లీ. అవుతుంది. కలిపేటప్పుడు గ్యాస్ పుడుతుంది కాబట్టి వయల్‌లో ఒత్తిడి వదలాలి. అందులోంచి 1 మి.లీ.కి ఇంకో 4 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపితే 20 మి.గ్రా./మి.లీ. ఇక మోతాదు 0.14 మి.లీ., ఇన్సులిన్ సిరంజిలో 14 గీతలు. సిరంజిల్లో నింపి మైనస్ 20 డిగ్రీల దగ్గర ఫ్రీజ్ చేసి ఇచ్చాం. కరిగించింది మళ్లీ ఫ్రీజ్ చేయకూడదు. ఒంటి ముందు సగంలో, చర్మం కింద, వైపులు మారుస్తూ.

మూడు రోజులకు ఒక ఇంజెక్షన్ చాలడం ఈ మందు ఎంచుకోవడానికి సగం కారణం. పట్టుకోవడమే ఊసరవెల్లికి పెద్ద ఒత్తిడి. రోజూ రెండుసార్లు పట్టుకోవాల్సిన చికిత్స కాగితం మీద ఎంత గొప్పగా ఉన్నా జంతువును తిండి మానేలా చేస్తుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ ఇంజెక్షన్ ఊసరవెల్లి చర్మాన్ని కుళ్లబెట్టి శాశ్వతమైన మచ్చ మిగల్చగలదు. అమికాసిన్ సూడోమోనాస్ మీద బాగా పనిచేస్తుంది కానీ నీరు తగ్గిన జంతువులో కిడ్నీలను దెబ్బతీస్తుంది.

గాలి సోకని గుంట ఉంది కాబట్టి అనరోబ్స్ (గాలి లేనిచోట పెరిగే బ్యాక్టీరియా) కోసం మెట్రోనిడజోల్ కిలోకు 20 మి.గ్రా. నోటి ద్వారా 48 గంటలకొకసారి, మూడు వారాలు. చేదు తక్కువైన బెంజోయేట్ రూపాన్ని 10 మి.గ్రా./మి.లీ. బలంతో చేయించి 0.28 మి.లీ. ఇచ్చారు. తల వాలడం, కొమ్మ మీద తూలడం కనిపిస్తే ఆపేయమని చెప్పాం. నొప్పికి, వాపుకు మెలోక్సికామ్ కిలోకు సుమారు 0.2 మి.గ్రా.: 0.5 మి.గ్రా./మి.లీ. ద్రావణం 0.05 మి.లీ., రోజుకొకసారి, ఐదు రోజులు, యూరేట్ తెల్లబడ్డాకే.

ఐదో రోజు కల్చర్ వచ్చింది. సూడోమోనాస్ ఏరుగినోసా. ఎన్రోఫ్లాక్సాసిన్‌కు లొంగదు, సెఫ్టజిడిమ్‌కు, అమికాసిన్‌కు లొంగుతుంది. అనరోబిక్ కల్చర్‌లో మిశ్రమ పెరుగుదల. హిస్టోపాథాలజీలో ఎముక కుళ్లు, బ్యాక్టీరియా గుంపులు. పీఏఎస్, సిల్వర్ రంగుల్లో ఫంగస్ తీగలు లేవు. మందు మార్చాల్సిన పని రాలేదు.

ఇంట్లో చేసినది

నోరు కడగడం మొదటి పది రోజులు రోజుకొకసారి, తర్వాత ఇంజెక్షన్ రోజున మాత్రమే. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 1 మి.లీ.కి కాచి చల్లార్చిన నీళ్లు 39 మి.లీ. కలిపితే 0.05 శాతం. సబ్బు కలిసిన 4 శాతం సర్జికల్ స్క్రబ్ నోటికి పనికిరాదు. ఒకరు ఊసరవెల్లిని కొమ్మతో సహా పట్టుకుని తల కిందికి వంచాలి, ఇంకొకరు ద్రావణంలో ముంచి పిండేసిన సన్నని కాటన్ బడ్‌ను గుంట మీద లోపలి నుంచి బయటికి దొర్లించాలి. రుద్దకూడదు. ప్రతిసారీ కొత్త కాటన్ బడ్ వాడాలి. చుక్కలు గొంతులోకి జారకూడదు, కంట్లో పడకూడదు. రెండు నిమిషాలు దాటితే ఆపేయాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి, పనిముట్లు వంటింటి సింకులో కడగకూడదు. సరీసృపాల నుంచి మనుషులకు సోకే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సంగతి పిల్లలున్న ఇంట్లో మరింత గట్టిగా చెప్పాల్సిందే.

హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, కొత్తగా పుట్టే కణాలను అది చంపుతుంది. పోవిడోన్ అయోడిన్ చీము ఉన్నచోట బలం కోల్పోతుంది. పసుపు, తేనె, కొబ్బరినూనె కలిపి పూయడం గురించి ఆ ఇంటి పెద్దావిడ అడిగారు. ప్రేమతో అడిగినదే. కానీ పసుపు పూస్తే మర్నాడు అది చీమో పసుపో తేల్చలేం, నూనె శ్వాసనాళంలోకి జారే ప్రమాదం ఉంది. అదే మాట ఆవిడకు వివరంగా చెప్పాం.

మొదటి వారం పురుగులు తినే జంతువుల పొడి ఆహారాన్ని పలచగా కలిపి 1 మి.లీ. చొప్పున కుడివైపు నుంచి రోజూ పెట్టారు. తర్వాత పట్టుపురుగులు, హార్న్‌వార్మ్‌లు, బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు. వీటన్నిటికీ ఒళ్లు మెత్తన. నాలుక విసరాల్సిన పని లేకుండా ముఖానికి అంగుళం దూరంలో చిన్న గిన్నెలో పెట్టారు. సూపర్‌వార్మ్‌లు ఆపేశారు, పటకారు తీసేశారు, అద్దం తిప్పేశారు. చుట్ట బల్బు స్థానంలో 6 శాతం యూవీబీ టీ5 హెచ్‌ఓ ట్యూబు లైటు వచ్చింది. ఎత్తు సరిచేసి మీటరుతో కొలిస్తే యూవీ ఇండెక్స్ 2.9. ఫాగర్ రాత్రికి మారింది, ట్యాంకును మూడు రోజులకోసారి కడిగి ఆరబెడుతున్నారు.

తొమ్మిదో రోజు బరువు 133 గ్రాములు. తగ్గినా గాబరా పడలేదు, గుంట అడుగున గులాబీ కణజాలం మొదలైంది. పదహారో రోజు మాత్రం గుంట వెనక అంచులో పసుపు చుక్క. లాగితే రాలేదు. ఇలాంటప్పుడు మందు విఫలమైందనుకుని మార్చేస్తారు. కానీ కల్చర్ మన దగ్గరుంది, మందు సరైనదే. అయితే రెండు సంగతులు వెతకాలి: మిగిలిపోయిన ముద్ద, పడిపోయిన వేడి. ఇంటి నుంచి రోజువారీ కొలతల పట్టిక అడిగితే నాలుగు రోజులుగా కొమ్మ 27 దగ్గర ఉంది. ఏసీ గాలి నేరుగా గూటి మీద పడుతోంది. తేలికపాటి మత్తులో మళ్లీ తెరిచాం. మొదటిసారి అందని వెనక సందులో 2 మి.మీ. ముద్ద, దాని కింద ఇంకో చిన్న ఎముక చెక్క. రెండూ తీశాం, ఏసీ గాలి మళ్లించారు. రెండోసారి శుభ్రం చేయాల్సి రావచ్చని మొదటి రోజే చెప్పి ఉంచడం మంచిది. ఎముక పట్టిన కేసుల్లో అది మామూలే.

ముప్పయ్యో రోజుకు 138 గ్రాములు, నాలుక గురి కుదిరింది. సెఫ్టజిడిమ్ ఎనిమిది వారాలు నడిచింది. పైకి నోరు నాలుగో వారానికే బాగుపడినట్టు కనిపించింది, అక్కడ ఆపాలని అందరికీ అనిపిస్తుంది. ఆపకూడదు. ఎముక ఇన్ఫెక్షన్‌కు ఆరు వారాలు కనీసం. ఆరో వారం ఎక్స్‌రేలో పెద్ద తేడా కనపడలేదు. సరీసృపాల ఎముక నెమ్మదిగా పూడుతుంది, ఎక్స్‌రే ఇంకా వెనకబడి చూపిస్తుంది. కొత్తగా పలచబడిన చోటు లేకపోవడమే ఆ దశలో శుభవార్త. పన్నెండో వారానికి అంచులు నునుపై తెల్లబడ్డాయి. పద్నాలుగో వారం 149 గ్రాములు, తెల్ల కణాలు మామూలు స్థాయికి వచ్చాయి. దవడ అంచున మూడు పళ్లంత నొక్కు మిగిలింది, గులాబీ పొర దాన్ని కప్పేసింది. ఆ పళ్లు రావు, వాటి లోటు తిండికి అడ్డం కాదు.

ఇక ముందు వారానికోసారి 0.05 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో రెండు దవడల అంచులూ ఒకసారి తుడవాలి. పదిహేను రోజులకోసారి నోరు తెరిచినప్పుడు అదే వెలుతురులో ఫోటో తీసి పాతదానితో పోల్చాలి, నెలకోసారి బరువు రాయాలి, ఏడాదికోసారి ట్యూబు మార్చాలి. ఆరు నెలలకు దంత ఎక్స్‌రే. నెలలో బరువు ఐదు శాతానికి మించి తగ్గినా, లాలాజలం తీగలుగా సాగినా, ఒకవైపే నమలడం మళ్లీ మొదలైనా ఆ వారంలోనే చూపించాలి.